సుడో లేకుండా మూడు పరికరాలు: డివైస్ ఫైళ్ల అనుమతుల ప్రాజెక్టు డైరీ

పని హద్దులు

మా డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు మూడు పరికరాలు తగిలించి ఉన్నాయి. గదిలోని ఉష్ణోగ్రతను, తేమను కొలిచి యూఎస్‌బీ సీరియల్ మార్గంలో అంకెలు పంపే చిన్న సెన్సార్ బోర్డు ఒకటి. ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఒకటి. ఏ మీటకు ఏ పని అన్నది మనమే నిర్ణయించుకోగల చిన్న కీప్యాడ్ ఇంకొకటి. కంప్యూటర్‌లో ఉన్నది డెబియన్ కుటుంబానికి చెందిన లినక్స్. ఈ మూడింటినీ సుడో పెట్టి, అంటే సర్వాధికారాలున్న ‘రూట్’ ఖాతా హక్కుతో, తెరిస్తే చక్కగా పనిచేస్తాయి. మామూలు ఖాతా నుంచి తెరిస్తే మూడూ మొండికేస్తాయి. ఒకటి ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. ఒకటి అసలు పరికరమే లేదంటుంది. ఇంకొకటి ఏమీ చెప్పకుండా ఖాళీ జాబితా చూపిస్తుంది.

సుడోతో నడుస్తోంది కదా అని వదిలేసేవారు చాలామంది. నాకు అలా వదలబుద్ధి కాదు. స్కానర్ ప్రోగ్రామ్‌ను రూట్‌గా నడిపితే అది రాసే ప్రతి ఫైలుకూ యజమాని రూటే అవుతుంది; తర్వాత ఆ ఫైల్లో ఒక్క మార్పు చేయాలన్నా మళ్లీ సుడో కావాలి. అంతకంటే ముఖ్యమైనది, ఆ ప్రోగ్రామ్ వాడే ఏ లైబ్రరీలో లోపం ఉన్నా కంప్యూటర్ మొత్తం దాని చేతికి చిక్కుతుంది. అందుకని రెండు నియమాలు పెట్టుకున్నాను. ఏ పరికరానికీ సుడో వాడకూడదు. ఏ డివైస్ ఫైలుకూ, అంటే పరికరాన్ని తెరవడానికి లినక్స్ చూపే ఫైలుకు, 666 పెట్టకూడదు; ఎవరైనా చదవవచ్చు, రాయవచ్చు అనే అనుమతి అది.

శనివారం ఉదయం: ఆ ఫైలును పుట్టించేది ఎవరు

సీరియల్ బోర్డుతో మొదలుపెట్టాను. /డెవ్ డైరెక్టరీలో దాని పేరు టీటీవైయూఎస్‌బీ0. ఎల్ఎస్ కమాండ్‌కు -ఎల్ ఇచ్చి చూస్తే వరుస మొదట్లో ‘సీ’ అనే అక్షరం ఉంది. అంటే అది క్యారెక్టర్ డివైస్, బైట్లు ధారగా వచ్చే రకం. డిస్కుల వంటివాటికి ఆ చోట ‘బీ’ ఉంటుంది. యజమాని రూట్, గ్రూపు డయలౌట్, అనుమతులు 660. యజమానీ గ్రూపూ చదవగలరు, రాయగలరు. మిగిలినవారికి ఏమీ లేదు. మామూలు ఫైలుకైతే పరిమాణం కనిపించే చోట ఇక్కడ 188, 0 అని రెండు అంకెలున్నాయి. మొదటిది మేజర్ నంబర్, పరికరాన్ని ఏ డ్రైవర్‌కు అప్పగించాలో కెర్నల్‌కు, అంటే లినక్స్ మూల భాగానికి, చెప్పేది. రెండోది మైనర్ నంబర్, ఆ డ్రైవర్ చూసుకునే పరికరాల్లో ఇది ఏదో చెప్పేది. యూఎస్‌బీ సీరియల్‌కు మేజర్ నంబర్ 188. అందరికీ తెలిసిన /డెవ్/నల్‌కు 1, 3. ఈ ఫైల్లో డేటా ఏమీ ఉండదు. అది కెర్నల్‌లోకి వెళ్లే ఒక పేరు మాత్రమే.

ఇక్కడ ఒక ప్రయోగం చేశాను. అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్ కమాండ్‌తో ఆ ఫైలుకు 666 ఇచ్చి, బోర్డు పనిచేయడం చూసి, కేబుల్ తీసి మళ్లీ పెట్టాను. అనుమతులు తిరిగి 660కి వచ్చేశాయి. ఈ చిక్కు మొత్తానికి మూలం ఇదే. /డెవ్ డిస్కు మీద ఉన్న డైరెక్టరీ కాదు. 2009లో వచ్చిన 2.6.32 కెర్నల్ నుంచి డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మెమరీలో ఉంటూ, పరికరం కనపడగానే దాని ఫైలును తానే పుట్టిస్తుంది, పరికరం పోగానే తీసేస్తుంది. ఆ ఫైలుకు యజమానినీ గ్రూపునూ అనుమతులనూ పెట్టే పని యూడెవ్‌ది. 2003లో విడిగా మొదలైన ఈ ప్రోగ్రామ్ 2012లో, కంప్యూటర్‌లోని సర్వీసులను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీలో భాగమైంది. అంటే సీహెచ్‌మోడ్‌తో మనం మార్చేది ఒక నిర్ణయం మిగిల్చిన ఫలితాన్ని. ఆ నిర్ణయం యూడెవ్ రూల్స్‌లో ఉంది. పరికరం పెట్టిన ప్రతిసారీ యూడెవ్ ఆ రూల్స్‌ను మళ్లీ మొదటి నుంచి వర్తింపజేసి నిర్ణయిస్తుంది. మార్చవలసింది అక్కడే.

రెండో సంగతి, ప్రోగ్రామ్ చూపించే సందేశాన్ని నమ్మకుండా కెర్నల్ ఇచ్చిన ఎర్రర్ నంబర్ చూడాలి. చాలా ప్రోగ్రామ్‌లు ఎలాంటి వైఫల్యాన్నైనా ‘పరికరాన్ని తెరవలేకపోయాం’ అనే ఒక్క మాటతో సరిపెడతాయి. ప్రోగ్రామ్ కెర్నల్‌ను ఏమడుగుతోందో చూపే ఎస్‌ట్రేస్ కింద దాన్ని నడిపి, ఫైలు తెరవమనే ఓపెన్‌ఏటీ పిలుపు వచ్చిన వరుసలను చూస్తే అసలు విషయం తెలుస్తుంది. 13 వస్తే ఫైలు మీద మనకు అనుమతి లేదని. 1 వస్తే సాధారణంగా ఫైలు అనుమతులకు పైన ఇంకెవరో అడ్డుపడుతున్నారని. 16 వస్తే అనుమతి ఉంది, కానీ ఆ పరికరాన్ని ఇంకొకరు పట్టుకుని ఉన్నారని. 2 వస్తే ఆ పేరుతో ఫైలే లేదని. ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు మందులు. 16 వచ్చినప్పుడు అనుమతులతో కుస్తీ పట్టడం శుద్ధ దండగ. కొన్ని సీరియల్ పరికరాలను పెట్టిన వెంటనే మోడెమ్‌మేనేజర్ అది మోడెమేమోనని తెరిచి చూస్తుంది. అప్పుడు కాసేపు 16 వస్తుంది, తర్వాత తనంతట తానే పోతుంది.

నా బోర్డుకు వచ్చింది 13. అంటే ఫైలు అనుమతుల సంగతే.

శనివారం మధ్యాహ్నం: డయలౌట్ గ్రూపులో చేరినా తెరుచుకోని పోర్టు

డెబియన్, ఫెడోరా వంటివాటిలో సీరియల్ పోర్టుల గ్రూపు పేరు డయలౌట్. ఆర్చ్‌లో అదే పనికి యూయూసీపీ గ్రూపు ఉంది. పేరు గుర్తుపెట్టుకోనక్కరలేదు, ఎల్ఎస్ చూపించే గ్రూపు ఏదో అదే. యూజర్‌మోడ్ కమాండ్‌తో నా ఖాతాను ఆ గ్రూపులో చేర్చాను. ఈ కమాండ్‌లో పెద్ద ‘జీ’కి ముందు చిన్న ‘ఏ’ తప్పనిసరి. అది లేకపోతే ఉన్న అదనపు గ్రూపులన్నీ పోయి కొత్తది ఒక్కటే మిగులుతుంది. సుడో గ్రూపు కూడా అలా పోయిందంటే, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి సుడో ఉండదు.

గ్రూపులో చేర్చినంత మాత్రాన ఇప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్‌లకు అది అందదు. ప్రతి ప్రాసెస్‌కూ, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కూ, దాని గ్రూపుల జాబితా లాగిన్ సమయంలోనే అంటుకుంటుంది, పిల్ల ప్రాసెస్‌లకు వారసత్వంగా వెళ్తుంది. కాబట్టి లాగౌట్ అయి మళ్లీ రావాలి. వచ్చాను. టెర్మినల్ తెరిచి ప్రోగ్రామ్ నడిపితే మళ్లీ 13.

ఐడీ కమాండ్‌ను రెండు రకాలుగా వాడాలి. ఖాతా పేరు ఇచ్చి అడిగితే అది గ్రూపుల డేటాబేస్‌ను చదివి చెప్తుంది. పేరు ఇవ్వకుండా అడిగితే ప్రస్తుత ప్రాసెస్‌కు నిజంగా ఉన్న గ్రూపులు చెప్తుంది. మొదటి జవాబులో డయలౌట్ ఉంది, రెండో దానిలో లేదు. తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లో లాగిన్ అయి చూశాను. అక్కడ రెండు జవాబుల్లోనూ ఉంది. ఒకే మనిషి, ఒకే కంప్యూటర్, ఒక సెషన్‌లో గ్రూపు ఉంది, ఇంకొక సెషన్‌లో లేదు.

కారణం సిస్టమ్‌డీ యూజర్ మేనేజర్. ఖాతాకు ఒకటి చొప్పున మొదటి లాగిన్‌తో మొదలై, చివరి లాగౌట్‌తో ముగిసే ప్రాసెస్ ఇది. ఇప్పటి డెస్క్‌టాప్‌లు చాలా ప్రోగ్రామ్‌లను దీని ద్వారానే మొదలుపెడతాయి. నా ఖాతాకు లింగర్ అనే అమరిక ఆన్‌లో ఉంది. నేను లేనప్పుడు కూడా నా సర్వీసులు నడవాలని చెప్పే అమరిక అది. అది ఉంటే లాగౌట్ అయినా యూజర్ మేనేజర్ ఆగదు, పాత గ్రూపుల జాబితాతోనే కొనసాగుతుంది, కొత్తగా తెరిచిన టెర్మినల్‌కూ ఆ పాత జాబితానే ఇస్తుంది. /ప్రాక్ కింద ఆ మేనేజర్ ప్రాసెస్ నంబర్ పేరుతో ఉన్న డైరెక్టరీలో స్టేటస్ ఫైలు తెరిచి ‘గ్రూప్స్’ వరుస చదివితే డయలౌట్ నంబర్ లేదు. ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కరలేదు.

కంప్యూటర్‌ను రీబూట్ చేశాను. లాగిన్‌సీటీఎల్‌తో ఆ ఖాతా సెషన్లన్నిటినీ ముగించి, యూజర్ మేనేజర్‌నూ ఆపినా సరిపోతుంది. న్యూజీఆర్‌పీ అనే కమాండ్ కూడా ఉంది, కానీ దాని ప్రభావం అది తెరిచిన షెల్ వరకే.

పోర్టు తెరుచుకుంది. అంకెలు రావడం మొదలైంది.

శనివారం రాత్రి: మాయమయ్యే పోర్టు

డ్రాయర్‌లో ఇంకొక బోర్డు ఉంది. దాని మీద వేరే సీరియల్ చిప్ ఉంది. యూఎస్‌బీ పరికరాల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ చూపించిన గుర్తింపు 1ఏ86:7523. దీన్ని పెడితే ఎర్రర్ నంబర్ 2. టీటీవైయూఎస్‌బీ ఫైలే లేదు. సుడోతో నడిపినా లేదు. సుడోతో కూడా పనిచేయలేదంటే అది ఫైలు అనుమతుల సమస్య కాదని గట్టిగా అనుకోవచ్చు.

జర్నల్‌సీటీఎల్‌కు -కె ఇచ్చి కెర్నల్ మాటలు చదివాను. డ్రైవర్ చిప్‌ను గుర్తించింది, టీటీవైయూఎస్‌బీ0కి జతచేసింది, వెంటనే బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ ఆ పరికరాన్ని అందుకుంది, డ్రైవర్ విడిపోయింది. బీఆర్ఎల్‌టీటీవై బ్రెయిల్ డిస్‌ప్లేలను నడిపే ప్రోగ్రామ్. ఆ సీరియల్ చిప్ చవకగా అందరికీ దొరికేది. ఒక రకం బ్రెయిల్ పరికరంలోనూ అదే చిప్, లెక్కలేనన్ని సెన్సార్ బోర్డుల్లోనూ అదే. రెండింటి గుర్తింపు నంబరూ ఒకటే కాబట్టి బయటి నుంచి తేడా తెలియదు.

ఆ ప్యాకేజీని తీసేయమనే సలహా తరచూ వినిపిస్తుంది. నాకు అది నచ్చదు. చూపు లేనివారికి ఆ ప్రోగ్రామే తెర. ఈ కంప్యూటర్ ముందు రేపు ఎవరు కూర్చుంటారో నేనెలా చెప్పగలను? అందుకే ఆ ఒక్క గుర్తింపునే మినహాయించాను. యూడెవ్ రూల్స్ ప్యాకేజీలతో వచ్చేవి /యూఎస్ఆర్/లిబ్/యూడెవ్/రూల్స్.డీలో ఉంటాయి, మనం రాసుకునేవి /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డీలో ఉంటాయి. రెండు చోట్లా ఒకే పేరుతో ఫైలుంటే /ఈటీసీలోనిదే చెల్లుతుంది, రెండోదాన్ని యూడెవ్ చూడనే చూడదు. బీఆర్ఎల్‌టీటీవై రూల్ ఫైలును అదే పేరుతో /ఈటీసీలోకి నకలు చేసి, 1ఏ86, 7523 ఉన్న వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టాను. బోర్డు తీసి పెడితే పోర్టు నిలిచింది. మిగిలిన బ్రెయిల్ పరికరాలన్నీ మునుపటిలాగే పనిచేస్తాయి. ఒక జాగ్రత్త రాసిపెట్టుకున్నాను: ఇకమీదట ఆ ప్యాకేజీ నవీకరణలో రూల్స్ మారినా, నా నకలు అడ్డుగా ఉన్నంతకాలం ఆ మార్పులు ఇక్కడికి రావు.

ఆదివారం: స్కానర్, కుర్చీలో ఉన్న మనిషి

అసలు ఆసక్తికరమైన భాగం స్కానర్‌ది. దీనికి టీటీవై వంటి ప్రత్యేకమైన ఫైలు ఉండదు. స్కానర్ సాఫ్ట్‌వేర్ అయిన సేన్, లిబ్‌యూఎస్‌బీ లైబ్రరీ ద్వారా /డెవ్/బస్/యూఎస్‌బీ కింద ఉన్న ఫైలును నేరుగా తెరుస్తుంది. బస్ నంబర్ ఒక డైరెక్టరీ, పరికరం నంబర్ ఒక ఫైలు. మేజర్ నంబర్ 189. మైనర్ నంబర్‌ను లెక్కగట్టవచ్చు: బస్ నంబర్‌లో ఒకటి తీసేసి 128తో గుణించి, పరికరం నంబర్‌లో ఒకటి తీసేసి కలపాలి. బస్ 3, పరికరం 5 అయితే 260. కేబుల్ తీసి పెట్టిన ప్రతిసారీ పరికరం నంబర్ మారుతుంది కాబట్టి ఇక్కడ చేత్తో సీహెచ్‌మోడ్ చేయడానికి స్థిరమైన పేరు కూడా లేదు.

ఈ ఫైళ్లకు మామూలుగా ఉండే అనుమతి 664, యజమాని రూట్, గ్రూపు రూట్. అందరూ చదవగలరు, రాయగలిగేది రూట్ ఒక్కటే. అందుకే ఎల్ఎస్‌యూఎస్‌బీలో స్కానర్ నిక్షేపంగా కనపడుతుంది, స్కాన్ ప్రోగ్రామ్‌కు మాత్రం దొరకదు. స్కానర్‌తో మాట్లాడటం అంటే దానికి ఆదేశాలు రాయడమే మరి.

సేన్‌తో వచ్చే రూల్స్ ఫైల్లో తెలిసిన స్కానర్ల గుర్తింపులన్నీ ఉన్నాయి. వాటిలో ఏదైనా కనపడితే ఆ పరికరానికి ఒక గుర్తు పెడతాయి, ఆ గుర్తు చూసి 70 నంబర్‌తో మొదలయ్యే ఇంకొక రూల్ ఫైలు దానికి యూయాక్సెస్ అనే ట్యాగ్ తగిలిస్తుంది. మా స్కానర్ డ్రైవర్ విడి ప్యాకేజీగా వచ్చింది, దాని గుర్తింపు ఆ జాబితాలో లేదు. కాబట్టి ఆ ట్యాగ్‌ను నేనే తగిలించాలి.

యూయాక్సెస్ గ్రూపు వంటిది కాదు. గ్రూపు చేతికిచ్చిన తాళంచెవి అయితే, యూయాక్సెస్ కుర్చీలో కూర్చున్నంతసేపే ఉండే హక్కు. తెర, కీబోర్డు, మౌస్ కలిసిన ఒక స్థానాన్ని, లాగిన్‌లను చూసుకునే సిస్టమ్‌డీ భాగమైన లాగిన్‌డీ ‘సీట్’ అంటుంది. మామూలు డెస్క్‌టాప్‌లో ఒక్కటే ఉంటుంది, దాని పేరు సీట్0. ఆ సీట్‌లో ప్రస్తుతం ఎవరి సెషన్ చురుగ్గా ఉందో వారి పేరుతో ఆ పరికరపు ఫైలు మీద ఒక ఏసీఎల్ వరుస, అంటే ఫలానా ఖాతాకు పేరుపెట్టి ఇచ్చే అనుమతి, చేరుతుంది. వేరొక ఖాతాకు మారితే పాత పేరు పోయి కొత్త పేరు చేరుతుంది.

రూల్ ఒకే వరుస. సబ్‌సిస్టమ్ యూఎస్‌బీ, తయారీదారు నంబర్ ఇది, ఉత్పత్తి నంబర్ ఇది అయితే యూయాక్సెస్ ట్యాగ్ చేర్చు. రాసేటప్పుడు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. పోల్చడానికి రెండు సమాన గుర్తులు, పెట్టడానికి ఒకటి, ఉన్నదానికి చేర్చడానికి కూడిక గుర్తుతో సమాన గుర్తు. నంబర్లలో అక్షరాలుంటే చిన్న బడి అక్షరాలే వాడాలి. యూడెవ్ వాటిని సంఖ్యలుగా కాక అక్షరాల వరుసగా పోలుస్తుంది. ఇక ఫైలు పేరు. రూల్ ఫైళ్లు పేర్ల వరుసలో నడుస్తాయి. చాలా సలహాల్లో ఫైలు పేరు 99తో మొదలుపెట్టమని ఉంటుంది. అనుమతి అంకెలూ గ్రూపూ పెట్టడానికి 99 సరిపోతుంది. యూయాక్సెస్‌కు సరిపోదు. ఆ ట్యాగ్‌ను చూసి ఏసీఎల్ పెట్టే పని 73-సీట్-లేట్ అనే ఫైల్లో జరుగుతుంది. అది దాటిపోయాక ట్యాగ్ వేస్తే పరికరం పెట్టిన క్షణంలో దాన్ని చూసేవారు ఉండరు. పైగా తర్వాత ఖాతా మార్చినప్పుడు లాగిన్‌డీ ఆ ట్యాగ్‌ను గమనించి అనుమతి ఇవ్వవచ్చు. దాంతో ఒకసారి పనిచేసి ఇంకోసారి పనిచేయని వింత సమస్య మొదలవుతుంది. నా ఫైలు పేరు 65తో మొదలుపెట్టాను.

యూడెవ్‌కు ఆదేశాలిచ్చే యూడెవ్ఏడీఎం కమాండ్‌కు కంట్రోల్ ఇచ్చి రూల్స్ మళ్లీ చదివించాను. కానీ ఇప్పటికే ఉన్న పరికరాలకు కొత్త రూల్స్ వాటంతట అవే వర్తించవు. యూడెవ్ఏడీఎం ట్రిగ్గర్ ఇవ్వాలి, లేదా కేబుల్ తీసి పెట్టాలి. నేను కేబుల్ తీసి పెట్టడాన్నే ఇష్టపడతాను, నిజ జీవితంలో జరిగేది అదే కాబట్టి. ఎల్ఎస్‌లో అనుమతుల చివర కూడిక గుర్తు వచ్చింది. ఏసీఎల్ వరుసలను చూపే గెట్‌ఎఫ్ఏసీఎల్‌లో నా పేరు ఎదురుగా చదవడం, రాయడం రెండూ ఉన్నాయి. స్కాన్ ప్రోగ్రామ్ స్కానర్‌ను గుర్తించింది.

ఏసీఎల్ ఉన్న ఫైలుకు ఎల్ఎస్ చూపించే గ్రూపు అంకె గ్రూపు అనుమతి కాదు. అది మాస్క్, అంటే పేరుతో ఇచ్చిన అనుమతులకు పై హద్దు. అలాంటి ఫైలుకు సీహెచ్‌మోడ్ 600 ఇస్తే మాస్క్ సున్నా అవుతుంది. జాబితాలో మీ పేరు ఉంటుంది, అనుమతి మాత్రం చెల్లదు. గెట్‌ఎఫ్ఏసీఎల్ ఆ వరుస పక్కన ‘ఎఫెక్టివ్’ అని అసలు మిగిలినదేమిటో చూపిస్తుంది. ఈ ఒక్క మాట తెలియక ‘నా పేరుందిగా, మరెందుకు రాదు’ అని గంటలు పోగొట్టుకున్నవారిని చూశాను.

సాయంత్రం అక్క తన ఖాతాలోకి మారింది. నేను ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా చూస్తూ ఉన్నాను. ఫైలు మీద నా పేరు పోయి ఆమె పేరు వచ్చింది. “తమ్ముడూ, ఇదివరకు నా ఖాతాలో స్కానర్ కనపడేదే కాదు, ఇప్పుడు వస్తోంది” అంది. ఆమెను ఏ గ్రూపులోనూ చేర్చలేదు. అదే సమయంలో నా ఎస్ఎస్‌హెచ్ సెషన్ నుంచి స్కానర్ తెరిస్తే 13 వచ్చింది. అది సరైన జవాబే. దూరం నుంచి వచ్చిన సెషన్‌కు సీట్ ఉండదు, అక్క స్కానర్ మీద పెట్టిన కాగితాన్ని నేను ఇంకో గది నుంచి చదవగలగడం న్యాయం కాదు.

ఇందులో ఒక పరిమితి ఉంది. అనుమతిని కెర్నల్ పరిశీలించేది ఫైలు తెరిచేటప్పుడు మాత్రమే. నా ఖాతాలో స్కాన్ ప్రోగ్రామ్ పరికరాన్ని తెరిచి ఉంచి, ఖాతా మారితే, పేరు తొలగినా ఆ తెరిచిన పట్టు అలాగే ఉంటుంది. పూర్తి రక్షణ అనుకోకూడదు.

బుధవారం: సర్వీసుకు సీట్ ఉండదు

సెన్సార్ అంకెలను రాత్రింబగళ్లు నమోదు చేసే ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టాను. ఎవరూ లాగిన్ కాకపోయినా అది నడవాలి. కాబట్టి యూయాక్సెస్ దానికి పనికిరాదు, గ్రూపే సరైనది. దానికోసం విడిగా ఒక సిస్టమ్ ఖాతా తెరిచి, సర్వీస్ ఫైల్లో అదనపు గ్రూపుగా డయలౌట్ ఇచ్చాను. ఇప్పుడు నా సొంత ఖాతాకు డయలౌట్ అవసరం లేదు, తీసేశాను. లింగర్ కూడా ఆపేశాను.

సర్వీసును బిగించేటప్పుడు ప్రైవేట్‌డివైసెస్ అనే అమరిక ఆన్ చేసి చూస్తే ఎర్రర్ నంబర్ 2. ఆ అమరిక సర్వీసుకు నల్, జీరో, ర్యాండమ్ వంటి కొన్ని ఫైళ్లే ఉన్న వేరే /డెవ్‌ను చూపిస్తుంది. సీరియల్ పోర్టు అందులో లేదు. దాన్ని ఆపి, డివైస్‌పాలసీని ‘క్లోజ్డ్’గా పెడితే ఫైలు కనపడింది కానీ నంబర్ 1 వచ్చింది. ఫైలు అనుమతులన్నీ సరిగానే ఉన్నా, పైనున్న సీగ్రూప్, అంటే సర్వీసులకు కెర్నల్ పెట్టే హద్దు, అడ్డుపడిందన్నమాట. శనివారం రాసుకున్న తేడా ఇక్కడ వెంటనే దారి చూపింది. డివైస్‌అలౌ వరుసలో ఈ పోర్టును చేర్చాలి. ఫైలు పేరు ఇస్తే సర్వీసు మొదలైనప్పుడున్న మేజర్, మైనర్ నంబర్లే ఖాయమవుతాయి. కేబుల్ తీసి పెట్టాక మైనర్ మారితే మళ్లీ 1 వస్తుంది. అందుకని పేరు బదులు ‘క్యార్-టీటీవైయూఎస్‌బీ’ అని మొత్తం 188 వర్గానికి చదవడం, రాయడం ఇచ్చాను. ఈ వర్గం పేరు /ప్రాక్/డివైసెస్‌లో ఉన్నప్పుడే, అంటే డ్రైవర్ లోడ్ అయ్యాకే చెల్లుతుంది. కాబట్టి సర్వీసును బూట్ సమయంలో కాక, బోర్డు కనపడినప్పుడు యూడెవ్ రూలే మొదలుపెట్టేలా సిస్టమ్‌డీ_వాంట్స్ వాడాను. ముందొక సమస్య తర్వాతి సమస్యకు జవాబు కావడం ఈ పనిలో నాకు దొరికిన ఆనందం.

రెండు బోర్డులకూ స్థిరమైన పేర్లు కూడా ఇచ్చాను. మొదటి దాని చిప్‌లో సీరియల్ నంబర్ ఉంది, దాన్నిబట్టి ఒక సిమ్‌లింక్, అంటే అసలు ఫైలును చూపే మారుపేరు. రెండోదానిలో సీరియల్ నంబర్ లేదు, కాబట్టి ఏ యూఎస్‌బీ రంధ్రంలో పెట్టామన్నదాన్నిబట్టి ఇంకొకటి.

శనివారం: కీప్యాడ్

కీప్యాడ్ అమరికల ప్రోగ్రామ్ /డెవ్/హిడ్‌రా అనే ఫైళ్ల ద్వారా మాట్లాడుతుంది. వాటి అనుమతి 600, రూట్‌కు మాత్రమే. ఇది మొరటుగా అనిపించినా చాలా సబబైన నిర్ణయం. కీబోర్డు హిడ్‌రా ఫైలును చదవగలిగిన ప్రోగ్రామ్ నొక్కిన ప్రతి మీటనూ చదవగలదు, పాస్‌వర్డ్‌తో సహా. హిడ్‌రా ఫైళ్లన్నిటికీ కలిపి 666 ఇచ్చే రూల్‌ను ఎవరైనా సూచిస్తే దాన్ని వాడవద్దని బతిమాలుతాను. వేరే ఖాతాలో నడిచే ప్రోగ్రామ్ కూడా అప్పుడు మీ మీటలను వినగలదు. ఖాతాను ఇన్‌పుట్ గ్రూపులో చేర్చడమూ దాదాపు అంతే, ఆ ఖాతాలో నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కూ అన్ని మీటలూ వినపడతాయి.

మా కీప్యాడ్‌లో రెండు ఇంటర్‌ఫేస్‌లున్నాయి. 00 మీటలు పంపేది, 01 అమరికలు మార్చేది. నాకు 01 మాత్రమే కావాలి. ఒకే వరుసలో తయారీదారు నంబర్, ఇంటర్‌ఫేస్ నంబర్ రెండూ అడిగితే రూల్ ఎప్పటికీ సరిపోలదు. ఎందుకో యూడెవ్ఏడీఎం ఇన్ఫోకు -ఏ ఇచ్చి చూస్తే తెలుస్తుంది. హిడ్‌రా పరికరం నుంచి పైకి తల్లి పరికరాల వరుస వస్తుంది. ఇంటర్‌ఫేస్ నంబర్ ఒక తల్లి దగ్గర ఉంది, తయారీదారు నంబర్ దాని పై తల్లి దగ్గర ఉంది. ఒక రూల్‌లో ఏటీటీఆర్ఎస్‌తో అడిగినవన్నీ ఒకే తల్లి దగ్గర దొరకాలి. అందుకని రెండు వరుసలు రాశాను. మొదటిది తయారీదారు, ఉత్పత్తి నంబర్లు చూసి నేను పెట్టుకున్న పేరుతో ఒక ఈఎన్‌వీ విలువ పెడుతుంది. రెండోది ఆ విలువ ఉండి, ఇంటర్‌ఫేస్ 01 అయితే యూయాక్సెస్ చేరుస్తుంది.

పెట్టే ముందు యూడెవ్ఏడీఎం టెస్ట్‌తో ఏ ఫైల్లోని ఏ వరుస ఏ పని చేసిందో చదివాను. కొత్త వెర్షన్లలో యూడెవ్ఏడీఎం వెరిఫై కూడా ఉంది, రూల్స్‌లోని రాత తప్పులను ముందే పట్టిస్తుంది. కేబుల్ తీసి పెట్టాక రెండు హిడ్‌రా ఫైళ్లలో ఒకదానికే కూడిక గుర్తు వచ్చింది. అమరికల ప్రోగ్రామ్ నిండుగా తెరుచుకుంది.

చివరగా /డెవ్ మొత్తంలో ‘మిగిలినవారు’ రాయగలిగిన క్యారెక్టర్ డివైస్‌లను ఫైండ్ కమాండ్‌తో వెతికించాను. నల్, జీరో, ఫుల్, ర్యాండమ్, యూర్యాండమ్, టీటీవై, పీటీఎంఎక్స్, ఫ్యూజ్, నెట్/టన్ వచ్చాయి. ఇవన్నీ అందరికీ తెరిచి ఉండేలా రూపొందినవే. నేను చేర్చినవి ఒక్కటీ అందులో లేవు. గ్రూపుల జాబితాలో డిస్క్ గ్రూపులో మనుషులెవరూ లేరని కూడా చూశాను. ఆ గ్రూపులో ఉన్నవారు డిస్కును ఫైల్ సిస్టమ్‌తో పనిలేకుండా నేరుగా చదవగలరు, రాయగలరు. అది రూట్ హక్కుతో సమానం.

మిగిలిన పని ఒకటుంది. కీప్యాడ్ ఫర్మ్‌వేర్, అంటే దాని లోపల నడిచే ప్రోగ్రామ్, మార్చాలంటే కీప్యాడ్‌ను బూట్‌లోడర్ అనే, కొత్తది ఎక్కించుకునే స్థితిలోకి తేవాలి. ఆ స్థితిలో అది వేరే ఉత్పత్తి నంబర్‌తో, హిడ్‌రా లేకుండా, నేరుగా యూఎస్‌బీ పరికరంగా కనిపిస్తోంది. నా రూల్‌కు అది సరిపోలదు. 65 ఫైల్లో స్కానర్ వరుస కిందనే దానికీ ఒక వరుస రాసి ఉంచాను. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు పరీక్షిస్తాను.